రెప్పలెత్తే వేళ

కుడికన్ను మూసింది. ఇక గడియారంలో పెట్టిన గంట మోగేదాకా, ఏడు నిమిషాలపాటు, దాన్ని తెరవకూడదు, నవ్వకూడదు, తుమ్మకూడదు. ఎడమకన్ను ఒక్కటే అద్దంలోంచి కాపలా కాయాలి. కిటికీ పక్కన అత్త బట్టలు కత్తిరించే పాత బల్ల, దాని మీద మూడు పుస్తకాలకు ఆనించిన అద్దం, అద్దంలో ఒంటికన్ను మనిషి. మూసిన రెప్ప మీద గోరంత సిలికాన్ దిండు నెలవంకలా వంగి అతుక్కుని ఉంది. ఆ దిండు మీదికి జిగురుతో ఒక్కొక్కటిగా ఎత్తి ఆనించిన రెప్పవెంట్రుకలు, వాటి మొదళ్ళ మీద ఒకటో నంబరు పొట్లంలోని తెల్లటి ముద్ద, ఆ పైన వంటింట్లోంచి తెచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొర. పొట్లాలు మూడు. మొదటిది వెంట్రుకను మెత్తబరుస్తుంది, రెండోది కొత్త వంపులో గట్టిపరుస్తుంది, మూడోది కడిగి సేద తీరుస్తుంది. మొన్న చెవి వెనక ఒక చుక్క రాసుకుని రెండు రోజులు చూసింది, దద్దురు రాలేదు. ముద్ద కొసలకు తగలకూడదు, లోపలికి కారకూడదు, ఒక్క నిమిషం ఎక్కువ ఉంచకూడదు అని కాగితంలో రాసిన మాటలు పరీక్షకు చదివినట్టు చదివింది. ఎనభై మూడు. దిండు మీదికి ఎత్తుతూ లెక్కపెట్టింది. మామూలు మనుషులకు ఒక్క పైరెప్పకే వంద దాటతాయి, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా ఎనభై మూడు అన్న అంకె నోట్లో పలికినప్పుడు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే ఒకప్పుడు, పాతికేళ్ళ వయసులో, ఇలాగే అద్దం ముందు కూర్చుని లెక్కపెడితే రెండు కళ్ళకూ కలిపి తొమ్మిదే తేలాయి.

"ఏం వాసనే అది?" పక్కగదిలోంచి అత్త గొంతు. "గుడ్డు కుళ్ళిందా?"

"లేదత్తా. ఏదో మందులే."

"ఎవరికి మందు? ఆపరేషన్ నాకు కదా అయింది?"

ఆమె నవ్వబోయి ఆపుకుంది, నవ్వితే చెంప పైకి లేస్తుంది, చెంప లేస్తే దిండు కదులుతుంది. పక్కగదిలో అత్త వెల్లకిలా పడుకుని ఉంటుంది, కుడికంటి మీద దూదిపట్టీ, దాని మీద చిల్లుల ప్లాస్టిక్ మూకుడు. నిన్న పొర తీసి లోపల అద్దం పెట్టారు. ఉదయం పదింటికి మీరే పట్టీ తీసి చుక్కలు వేసెయ్యండి, సాయంత్రం చూపించుకుపోండి అని కంటి డాక్టరు చెప్పి పంపాడు. దూరానికి పెట్టమంటారా దగ్గరకు పెట్టమంటారా అని ఆయన అడిగితే అత్త తడుముకోకుండా, దూరాన నాకేం పని బాబూ, నాకు సూది బెజ్జం కనబడాలి అంది. ఇప్పుడు తొమ్మిదీ నలభై. గోడకు ఇటు ఒక కన్ను, అటు ఒక కన్ను, రెండూ మూతపడి ఉన్నాయి, రెండూ గడియారం కోసమే ఉన్నాయి. ఈ తమాషా తను అనుకుని చేసింది కాదు. అనుకునే చేసిందేమో. ఈ పొట్లాల పెట్టె వచ్చి నెలైంది, ఏ ఆదివారమైనా చేసుకోవచ్చు, మరి ఈ ఉదయమే ఎందుకు విప్పినట్టు? అత్తకు ఈ వెంట్రుకల సంగతి తెలియదు. చెప్పలేదు. పైకి అంటే పెరగడం ఆగిపోతుందేమో, నోట్లోంచి మాట బయటపడగానే చేతికి వినబడిపోతుందేమో అని పదకొండు నెలలుగా నాలుక కరుచుకుని ఉంది.

చేయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు. ఇప్పుడు బల్ల అంచు మీద బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి, ఏమీ ఎరగనట్టు. ఎనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టాయి. తరగతిలో లెక్క తెగక కన్ను నులుముకుంటుంటే ఒక వెంట్రుక వేళ్ళ మధ్యకు వచ్చింది. మొదట చిన్న చురుకు, ఆ చురుకు వెనకాల ఒక చల్లదనం, ఎండలోంచి వచ్చి సిమెంటు గచ్చు మీద పడుకున్నట్టు. అంతే. ఆ చల్లదనం కోసం రెండోది, దానికి జతగా మూడోది. వేసవి సెలవులయ్యేసరికి రెప్పలు బోసి. చుట్టాలు తలా ఒక కారణం చెప్పారు. తల్లి లేని పిల్ల, దిగులుతో పీక్కుంటోంది అన్నారు. అమ్మ ఎలా ఉంటుందో ఫొటోలో తప్ప ఆమెకు తెలియదు, తెలియని మనిషి కోసం దిగులెలా పడాలో అంతకన్నా తెలియదు. కడుపులో పురుగులన్నారు, పొగరన్నారు. లారీ తోలే నాన్న పదిహేను రోజులకోసారి వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా గడ్డం పట్టి ముఖం ఎత్తి చూసి, వదిలేసి, చెల్లెలి వైపు తిరిగి, "నీకు అప్పజెప్పాను, కంటికి రెప్పలా చూస్తావనుకున్నాను" అనేవాడు. ఆ మాటలో ఏముందో ఆయనకు తట్టేది కాదు. అత్త మిషను ఆపి, "రెప్పే లేదు కదన్నయ్యా, కన్నునే చూసుకుంటున్నాను" అనేది, అని మళ్ళీ తొక్కేది.

అందరూ చేయి తియ్యి అనేవారు. టీచరు స్కేలుతో అనేది, నాన్న కళ్ళతో అనేవాడు. చేతులకు మేజోళ్ళు తొడగమని ఒకరు, వేళ్ళకు చేదు పూయమని ఒకరు. అత్త ఒక్కతే ఆ మాట అనలేదు. ఒక సాయంత్రం మిషను దగ్గర కూర్చున్న అత్త ఆమె ఒళ్ళోకి ఒక కోటు విసిరింది. ఎవరిదో నల్లకోటు, దాన్నిండా కచ్చాకుట్లు. అసలు కుట్టు పడేదాకా గుడ్డ జారకుండా తెల్లదారంతో వదులుగా వేసే కుట్లు. "పీకవే చంటీ" అంది. "ఒక్కొక్కటే పీకు. గుడ్డ నలగకూడదు." ఆమె పీకింది. దారం కొస పట్టుకుని లాగితే, గుడ్డలోంచి సర్రున జారి, చివర్న టక్కున తెగి వేళ్ళలోకి వచ్చేది. చల్లదనం అంతగా లేదు, కానీ కొంత ఉంది. నల్లకోటు మీద తెల్లదారాలు, ఒళ్ళంతా తెల్లదారాలు, జడలో తెల్లదారాలు. ఆ రోజునుంచి అత్త అవసరం ఉన్నచోటా లేనిచోటా కచ్చాకుట్లు వేసేది. రుమాలు అంచుకు కూడా వేసేది. ఒకావిడ తన జాకెట్టు తీసుకోవడానికి వచ్చి, దీనికెందుకమ్మా ఇన్ని కుట్లు అంటే, "నా పద్ధతి అంతేనండి, మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంటుంది" అంది, దానికీ దీనికీ సంబంధం ఏమిటో అర్థంకాక ఆవిడ వెళ్ళిపోయింది. ఎన్ని గంటలు అదనంగా కుట్టిందో మనిషి, కళ్ళు అందుకే అరిగాయేమో, పీకేయడానికే పుట్టిన ఆ కుట్ల కోసమే అరిగాయేమో. ఈ ఆలోచన ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు, కన్ను తడవకూడని సమయం చూసుకుని వచ్చింది.

ఎడమకన్ను పైకెత్తి ఊపిరి బిగబట్టింది. ఇంకా మూడు నిమిషాలు. బళ్ళో చేప అనేవాళ్ళు. చేపకు రెప్పలుండవు. చేప వస్తోంది, చేప రాస్తోంది, చేపకు నీళ్ళు పొయ్యండి. ఏడుస్తూ వస్తే అత్త, "చేపకళ్ళంటే అందగత్తెలని అర్థమే, పాతకాలపు పద్యాలన్నీ అవే" అంది. "దేవతలు కూడా రెప్ప వెయ్యరట, వాళ్ళనెవడైనా ఏమైనా అంటాడా?" ఇంటర్మీడియెట్ అయ్యాక కళ్ళద్దాల షాపులో చేరింది, చూపులో లోపం లేకపోయినా మందపాటి ఫ్రేము పెట్టుకుని, ఆ ఫ్రేము వెనకాల పద్దెనిమిదేళ్ళు నిశ్చింతగా దాక్కుంది. రోజుకు ఇరవై మంది ముఖాలు జానెడు దూరంలో. కొలబద్ద పట్టుకుని కంటిపాప నుంచి కంటిపాపకు దూరం కొలుస్తుంది, చెవి వెనక కమ్మీ వంచుతుంది. జానెడు దూరంలో మనుషులు ఎంత బాగుంటారో వాళ్ళకు తెలియదు. బస్సు కండక్టరు, ముఖమంతా దుమ్ము, కానీ రెప్పలు చూస్తే వానకు తడిసిన చూరులా నల్లగా, ఒత్తుగా ఉన్నాయి. రిటైరైన జడ్జిగారు, మనిషి బండరాయి, రెప్పవెంట్రుకలు మాత్రం లేగదూడవి. అద్దానికి వెంట్రుకలు తగులుతున్నాయండి, కొంచెం ముందుకు జరపండి అని ఫిర్యాదు చేసే వాళ్ళుంటారు, వాళ్ళ అద్దాల ముక్కుబిళ్ళలు సర్దుతూ లోపల్లోపల, ఏం చేసుకుని పుట్టావమ్మా అనుకునేది. అసూయ కాదు. గుడిమెట్లెక్కి తలుపు వేసుంటే సందులోంచి చూసిరావడం లాంటిది. ఆమెకు కళ్ళలో దుమ్మంటే సామెత కాదు, కంట్లో నలుసంటే నలుసే. గాలి వీస్తే ఇసుక నేరుగా వచ్చి పడుతుంది, ఆపడానికి ఎవరూ లేరు. ఇన్ని చిన్న వెంట్రుకలు ఇంత పని చేస్తాయని, అవి లేని మనిషిని అడిగితే తెలుస్తుంది.

గంట మోగింది. ప్లాస్టిక్ పొర తీసి, పొడి దూదిపుల్లతో మొదళ్ళ నుంచి పైకి, నెమ్మదిగా ముద్దను తుడిచింది. అత్త కళ్ళను తుడిచిన తుడుపే ఇది. పదకొండు నెలలు. ఆపరేషన్‌కు ముందు రెప్పల అంచుల్లో పొలుసులు తగ్గాలి, లేకపోతే లోపలికి క్రిములు పోతాయి అన్నాడు డాక్టరు. పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, అత్త గడ్డం ఎత్తి పట్టుకుని, ఇవే బొటనవేలూ చూపుడువేలుతో రెప్ప వెనక్కి లాగి, వెంట్రుక మొదట్లో అట్టకట్టిన పొలుసులు ఒక్కొక్కటిగా తుడవాలి. డాక్టరు ఇంకోమాట అన్నాడు, ఒక్క వెంట్రుక కూడా ఊడకుండా చూడండి అని. ఆయన ఎవరితో అంటున్నాడో ఆయనకు తెలియదు. ఇంటికొచ్చి మొదటిసారి దూది పట్టుకున్నప్పుడు దొంగ చేతికి తాళాల గుత్తి ఇచ్చినట్టయింది. అత్త మాత్రం తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, ఆరేళ్ళుగా మసకబారిన కళ్ళు రెండూ ఆ చేతులకు వదిలేసింది. ఒక్కటీ ఊడలేదు. ఆ రోజు ఊడలేదు, మర్నాడు ఊడలేదు. తనవి పీకనని ఒట్టు పెట్టుకున్నది లేదు, శపథాలు ఇంతకుముందు వంద చేసింది, వందా చెరిగిపోయాయి. చేతికి వేరే పని పడింది, అంతే. మూడో నెలో నాలుగో నెలో షాపు పక్క పార్లర్ అమ్మాయి టీ తాగుతూ, "మీకు రెప్పలున్నాయేంటండీ, ఎప్పుడూ చూళ్ళేదే" అంది. ఆమె అక్కడికక్కడ కప్పు కింద పెట్టి బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది. నిజమే. లేత గోధుమరంగులో, తిన్నగా, కిందికి వాలి, వానకు ఒరిగిన గరికలా ఉన్నాయి. వాటికి తను ఏమీ చెయ్యలేదు. ఎన్నిసార్లు పీకినా, ఎన్నేళ్ళు పీకినా, చర్మం కింద అవి తమ పనిలో తాము ఉన్నాయి. ఎవరూ రానివ్వని ఇంటికి మళ్ళీ మళ్ళీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ మనుషుల్లా. "మాదగ్గరికి రండి, లిఫ్ట్ చేస్తాను, తిన్నగా ఉన్నాయి కాబట్టి తెలియట్లేదు గానీ ఎత్తితే చాలు" అంది ఆ అమ్మాయి. ఆమె ఒప్పుకోలేదు. ఇంకొకరి చేతిలో పట్టకారు చూస్తే తట్టుకోలేదని కాదు. ఎత్తాల్సిన చేతులు ఇవే.

రెండో నంబరు పొట్లం కత్తిరించబోతూ దూదిపుల్ల వైపు చూసింది. తెల్లటి దూది మీద ఒక వెంట్రుక.

వెంటనే కుడిరెప్ప చివర, వెంట్రుక ఉండాల్సిన చోట, జిల. ఎంత పాత జిల అది, పుట్టింటినుంచి వచ్చినట్టు చనువుగా వచ్చి కూర్చుంది. పక్కనున్నది వదులుగా ఉందేమో చూడు, అంది. ఎలాగూ ఊడేదే కదా, తాకి చూడు, అంది. చేయి లేచింది. లేచినట్టు తెలియకుండానే లేచింది. అద్దంలో ఎడమకన్ను చూసింది దాన్ని, బొటనవేలు, చూపుడువేలు, వాటి మధ్య ఒక వెంట్రుక పట్టేంత సందు. ఎనభై రెండు ఇప్పుడు. ఒకటి పోయాక రెండోది పోతే ఏమవుతుంది, సగం పోయాక మిగతాది ఉండి ఏం లాభం, ఈ లెక్క ఆమెకు కొట్టినపిండి, ఈ మెట్లు కళ్ళు మూసుకుని దిగగలదు. వేళ్ళు రెప్ప దగ్గరిదాకా వచ్చాయి. వాటిని వెనక్కి లాగలేక, ముందుకు పోనివ్వలేక, పక్కకు తిప్పి దూది మీద వెంట్రుకను పట్టుకుంది. పట్టుకుని, నల్లటి కత్తెర సంచీ మీద పెట్టి, కొలతల భూతద్దం తీసి ఒంటికన్నుతో చూసింది. పీకిన వెంట్రుకల మొదళ్ళు ఆమెకు తెలుసు. తడిగా, తెల్లగా, చిన్న సంచీలా వేలాడుతూ ఉంటుంది, ఎన్ని వేలు చూసిందో. దీనికి అది లేదు. మొదట్లో ఎండిన చిన్న గుండ్రటి కొన, నువ్వుగింజలో నూరోవంతు, అంతే. ఇది ఊడింది కాదు. రాలింది. తన కాలం తాను బతికి, ఐదారు నెలలు రెప్పమీద నిలబడి, దుమ్ము ఆపి, చెమట ఆపి, ఇక చాలనుకుని దూదికి అంటుకుని దిగిపోయింది. ముప్పైయారేళ్ళ బతుకులో తనంతట తాను రాలిన రెప్పవెంట్రుకను ఆమె చూడడం ఇదే మొదటిసారి, ఎందుకంటే ఇంతదాకా దేన్నీ అంతకాలం ఉండనివ్వలేదు. భూతద్దం కింద అది మొదట్లో సన్నగా, నడుమ బలిసి, కొసకు మళ్ళీ సన్నబడి, ఎవరో ఒక్క గీతలో, చెయ్యెత్తకుండా గీసినట్టుంది. కొస ఎంత సన్నమంటే ఎక్కడ అయిపోయిందో తెలియడంలేదు. ఇలాంటివి రెప్పకు వందా, మనిషికి నాలుగు రెప్పలా, వీధిలో పోయే ప్రతివాళ్ళ ముఖాన ఇంత పనితనమా, ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చూడకుండా.

జిల ఉంది. పోలేదు. ఉండనీ. రెండో నంబరు ముద్ద తీసి మొదళ్ళకు రాసింది, ప్లాస్టిక్ పొర వేసింది, గడియారంలో మళ్ళీ గంట పెట్టింది, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని కూర్చుంది.

"పదయిందా?" అత్త.

"ఇంకా ఎనిమిది నిమిషాలత్తా."

"నీ గడియారం నడుస్తోందా, పడుకుందా?"

"నడుస్తోంది. నువ్వు పట్టీ ముట్టుకోకు."

అటునుంచి జవాబు లేదు. అత్త జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టు కాదు, ఆ మాట తనకు వినబడలేదన్నట్టు. మంచం కిర్రుమంది. బయట ఎవరో ఇనుప షట్టరు ఎత్తుతున్నారు, దాని చప్పుడు వీధి పొడుగునా పాకింది, దూరంగా బస్సు బ్రేకు మూలిగింది. ఒంటికన్నుతో చూస్తుంటే బల్లా కిటికీ ఒకే కాగితం మీద బొమ్మలా ఉన్నాయి, లోతు లేదు. అత్తకు ఆరేళ్ళుగా ఇంకా తక్కువే. వెలుగూ నీడా, మనిషి ఆకారం, గొంతు. అయినా చేత్తో తడిమి బొత్తాలు కుట్టేది. ఎప్పుడైనా ఆమె ముఖం తడిమేటప్పుడు కళ్ళ దగ్గరికి రాగానే వేళ్ళు పక్కకు తప్పించేది, ఆ చోట తడిమితే ఈ పిల్ల నొచ్చుకుంటుందని. ఆమె ఎనిమిదో ఏటినాటి మర్యాద, ఇంకా పాటిస్తోంది.

గంట మోగింది. తుడిచింది. మూడో నంబరు రాసింది, కాసేపు ఆగింది, తడి బ్రష్షుతో జిగురు కరిగించి వెంట్రుకలను దిండు నుంచి ఒక్కొక్కటిగా విడిపించింది. దిండు పట్టి కింది నుంచి పైకి ఒలిచింది. రెప్ప తేలికైంది. కన్ను తెరవాలి. తెరవడానికి ఇంత భయమెందుకో. కాగితంలో దీని గురించి ఏమీ రాయలేదు.

తెరిచింది. ముందు వెలుగు వచ్చింది, నీళ్ళు నిండినట్టు నిండింది. అద్దంలో రెండు కళ్ళు, కానీ ఒక మనిషివి కావు. ఎడమది ఎప్పటి కన్నే, కిందికి చూసే, సర్దుకుపోయే, ఫ్రేము వెనకాల కూర్చునే కన్ను. కుడిది లేచింది. ఎనభై రెండూ మొదళ్ళ దగ్గర నుంచుని, ఒక్కసారిగా పైకి వంగి, కొసలు విచ్చుకుని, తల్లి పిలిస్తే లేచి నిలబడ్డ పిల్లల్లా, ఎవరి సందు వాళ్ళకు ఉంచుకుని. నడుమ రెండుచోట్ల ఖాళీలున్నాయి, ఆ చోట చర్మం మరి ఇక ఇవ్వదేమో. ఉండనీ. రెప్ప వేసి తీసింది. మళ్ళీ వేసింది. వేసినప్పుడు చెంప మీద ఏదో నీడ, ఈకతో రాసినట్టు. చేయి పెట్టి చూసింది, ఏమీ లేదు, తన వెంట్రుకల నీడే అది. తన ముఖం మీద తనదే నీడ.

"ఆ కర్టెన్ అంత మాసిపోయిందేంటే, ఎవరూ ఉతకట్లేదా ఈ ఇంట్లో?"

అత్త గుమ్మంలో ఉంది. చేతిలో దూదిపట్టీ, ప్లాస్టిక్ మూకుడు. కుడికన్ను ఎర్రగా, తడిగా, వెడల్పుగా తెరుచుకుని ఉంది. పది కాలేదు.

"తియ్యొద్దన్నాను కదత్తా."

"అన్నావా? వినబడలేదు."

అత్త గోడ పట్టుకోకుండా నడిచి వచ్చింది. బల్ల దగ్గర ఆగి, నల్లసంచీ మీద సూదుల డబ్బా తెరిచి ఒక సూది తీసి కంటి ముందు తిప్పి, పెట్టేసింది. తర్వాత ఆమె ముఖం చూసింది. దగ్గరికి వంగింది, ఇంకా వంగింది, ఊపిరి తగిలేంత. ఆ కన్ను అంత దగ్గరగా, కొత్త అద్దం లోపల మెరుస్తూ, మొదలు నుంచి కొస దాకా, కొస నుంచి మొదలు దాకా, అంచుకుట్టు సరిచూసినట్టు చూసుకుంటూ పోయింది. ఆమె కదలలేదు. ఫ్రేము బల్ల మీద ఉంది, అందుకోవచ్చు, అందుకోలేదు.

"సొంతవేనా?" అంది అత్త చివరికి.

"సొంతవే."

"ఎన్నాళ్ళైంది?"

"పదకొండు నెలలు."

అత్త తల ఊపింది. ఏడ్వలేదు, పొగడలేదు, దగ్గరికి తీసుకోలేదు. పక్కనున్న కుర్చీ కాలితో లాగి, అద్దానికి అడ్డం రాకుండా వేసుకుని కూర్చుంది. "రెండోది చెయ్యి మరి. ఒంటికన్ను పని చేసి వదిలేస్తావా?"

"నీకు చుక్కలు వెయ్యాలి."

"వేసి చెయ్యి. నేను చూస్తూ కూర్చుంటా."

ఎవరైనా చూస్తుండగా తన చేతిని కంటి దగ్గరికి తీసుకుపోవడం ఎనిమిదో ఏటి తర్వాత ఇదే మొదటిసారి. చేతులు కడుక్కుని, చుక్కలు వేసి, వచ్చి కూర్చుంది. ఎడమరెప్ప తుడిచి, దిండు అతికించి, జిగురు రాసి, సన్నపుల్ల పట్టుకుని లోపలి మూల నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడు కాపలా కుడికన్నుది. ఒకటి. రెండు. ఎత్తి, దిండుకు ఆనించి, ఒత్తి, వదిలి. పక్కన అత్త ఊపిరి తన ఊపిరితో కలిసి నడుస్తోంది, తను బిగబడితే అదీ ఆగుతోంది. ముప్పై. నలభైయారు. డెబ్బై దాటాయి. డెబ్బైయెనిమిదితో అయిపోయింది. ఒకటో నంబరు పొట్లం అందుకోబోయింది.

"ఆగు" అంది అత్త. "చెవి వైపు చివర ఒకటి కిందే ఉండిపోయింది."

"లేదత్తా, అన్నీ ఎత్తాను."

"ఉందంటుంటే."

అద్దం దగ్గరికి లాక్కుంది. కనబడలేదు. పద్దెనిమిదేళ్ళుగా జానెడు దూరంలో జనం కళ్ళు చూసిన మనిషి, తల వాల్చి, వెలుగు మార్చి వెతికినా కనబడలేదు. అత్త లేచి వచ్చి, వేలు చాచి, ఈసారి కళ్ళ దగ్గర పక్కకు తప్పించకుండా, గోటి కొసతో రెప్ప చివర చూపించింది. "ఇదిగో. ఇంకా రంగు కూడా రాలేదు దానికి."

అప్పుడు కనబడింది. రంగు లేదు, మందం లేదు, చర్మంలోంచి ఇప్పుడే తల బయటపెట్టింది, నిన్నటిదో మొన్నటిదో. వెలుగు తగిలితేనే ఉంది, లేకపోతే లేదు. దాన్ని దిండు దాకా ఎత్తడానికి పొడుగు చాలదు, అయినా ఆమె పుల్ల తిప్పి పట్టుకుని, ఊపిరి ఆపి, దాని కింద కొసను ఆనించింది. ఇద్దరూ వంగి చూస్తుండగా, అది లేచింది.